బేస్ గిటారుకు ఆంప్లిఫయరు: క్రొత్తదా, పాతదా?

గత మాఘమాసమున పెండ్లి ముహూర్తములు ముమ్మరముగా ఉన్న దినములలో, మా వీథి చివరి యింటి కుఱ్ఱవాడొకడు తల్లిని వెంటబెట్టుకొని మాకడకు వచ్చెను. ఆదివారములందు చర్చి గాయకబృందములోను, ముహూర్తపు దినములందు ఒక ఆర్కెస్ట్రాలోను అతడు బేస్ గిటారు వాయించును. ఇంతకాలము ఎరవు తెచ్చిన పెట్టెతోనే నెట్టుకొని వచ్చెను. ఇప్పుడు సొంతముగా ఒక ఆంప్లిఫయరు కొనవలెనని సంకల్పము. అంగడిలో క్రొత్తది ఒకటి చూచినాడు. దానిని ఒంటిచేత ఎత్తవచ్చును. చెదరిపోయిన ఒక ఆర్కెస్ట్రావారి పాతది మరియొకటి అమ్మకమునకు ఉన్నది. దానిని కదలించుటకు ఇద్దరు మనుష్యులు కావలెను. వెల రెండింటికిని ఇంచుమించు ఒక్కటే. రెండేండ్ల ముహూర్తముల సంపాదన కూడబెట్టినను కొంత తక్కువ పడుచున్నది. ఆ తక్కువకు తల్లి తన చేతి గాజులు కుదువబెట్టుటకు సిద్ధపడినది.

"అన్నయ్యగారూ, గిటారు కొన్నాడు కదా, మరల దానికి ఈ పెట్టె ఎందుకండీ? వీణకు పెట్టె ఉన్నదా? ఫిడేలుకు ఉన్నదా?" అని ఆమె మమ్ము అడిగెను.

ప్రశ్న న్యాయమైనది. ఇట్టి కుఱ్ఱవాండ్రు ఉన్న ప్రతి యింటను ఈ ప్రశ్న పుట్టుచునే యుండును. కనుక ముందుగా దానికే సమాధానము చెప్పుకొందము.

వీణకు కుండ కలదు. తీగె మీటిన కదలిక కుఱ్ఱు మీదుగా ఆ కుండ పలకకు చేరి, లోపలి గాలిని కదలించి, నాదమై మన చెవిని పడును. బేస్ గిటారునకు అట్టి కుండ లేదు. అది గట్టి కొయ్యపలక. తీగెల క్రింద అయస్కాంతములును, వాటిచుట్టు సన్నని రాగితీగ చుట్టలును ఉండును. ఉక్కు తీగె కదలినప్పుడు ఆ చుట్టలో మిక్కిలి స్వల్పమైన విద్యుత్తు పుట్టును. దానిని పెంచి, స్పీకరును కదలించి, గాలికి అప్పగించు పని ఆంప్లిఫయరుది. అనగా వీణకు కుండ యెట్టిదో బేస్ గిటారుకు ఈ పెట్టె అట్టిది. పెట్టె లేని బేస్ గిటారు సగము వాద్యము మాత్రమే. ఈ మాట విన్న తరువాత ఆ తల్లి మొగము కొంత తేటపడినది కాని, గాజుల మాట మాత్రము ఆమె మరువలేదు. మేమును మరువలేదు.

ఈ వాద్యము లోకమున వ్యాపించినది అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున ఫుల్లర్టన్ అను ఊరినుండి. లియో ఫెండర్ అను ఆయన 1938లో ఆ యూరిలో రేడియోలు బాగుచేయు దుకాణము పెట్టెను. రేడియో శ్రోతలు గర్వింపదగిన సంగతియే ఇది! అంతకుపూర్వము వాద్యబృందములందు మంద్రస్వరమునకు నిలువెత్తు బేస్ ఫిడేలు వాడుచుండిరి. దానిని మోయుట కష్టము. బాకాల నడుమ, డ్రమ్ముల నడుమ దాని నాదము వినబడుట మరింత కష్టము. ఫెండర్ 1951లో ప్రెసిషన్ బేస్ అను పేర మెట్లుగల నాలుగు తీగెల విద్యుద్వాద్యమును వెలువరించెను. మరుసటి యేడు, 1952లో, దానికొరకే బాస్‌మన్ అను ఆంప్లిఫయరును కూడ వెలువరించెను. ఆ వాద్యము వెలువడిన ఏడాదికే దానికి ప్రత్యేకమైన పెట్టె పుట్టవలసివచ్చుటను బట్టియే దాని అవసరము ఎంతటిదో తెలియుచున్నది.

మామూలు గిటారు పెట్టె ఎందుకు పనికిరాదు? మా కుఱ్ఱవాడు ఇంతవరకు అట్టిదానితోనే నెట్టుకొని వచ్చి, రెండు స్పీకరులు చింపి, ఎరవిచ్చినవారిచేత మాటలు పడినాడు. బేస్ గిటారు యొక్క అతిమంద్రపు తీగె సెకనుకు 41 మారులు కంపించును. తక్కిన మూడును సుమారు 55, 73, 98 మారులు. అయిదు తీగెల వాద్యమునందు అదనపు తీగె 31 మారులు మాత్రమే కంపించును. ఒక స్వరమును అంతే బిగ్గరగా ఒక స్థాయి క్రిందికి పలికించవలెనన్నచో, స్పీకరు కాగితము నాలుగు రెట్ల దూరము ముందునకు వెనుకకు ఊగవలెను. రెండు స్థాయిలు దిగినచో పదునారు రెట్లు. గిటారు పెట్టెలోని స్పీకరు అంత దూరము ఊగుటకు పుట్టినది కాదు. ఊగబోయి చినుగును. దానికితోడు మన చెవి కూడ మంద్రస్వరములను సులభముగా పట్టదు. వాటికి ఎక్కువ బలము కోరును.

ఇచ్చట శ్రోతలకు ఒక సందేహము కలుగవచ్చును. "మా యింటి చిన్న రేడియోలో కూడ పాటలోని బేస్ వినబడుచున్నదే!" అని. నిజమునకు ఆ చిన్న స్పీకరు 41 కంపనముల స్వరమును పలుకనే పలుకదు. దానికి పైనుండు 82, 123 మొదలగు అనుస్వరములను మాత్రమే పలుకును. వాటిని విని, లేని మూలస్వరమును మన మెదడే పూరించుకొనును. ఇంటిలో ఈ మోసము మధురముగానే ఉండును. పెండ్లిపందిరిలో మాత్రము సాగదు. మృదంగపు తొప్పికి రవ్వముద్ద వేయని కచేరీ ఎట్లుండునో అట్లుండును.

ఇక వాట్ల సంగతి. అంగడివాడు మొదట చెప్పునది వాట్లే. నూరు వాట్ల పెట్టెకంటె రెండువందల వాట్ల పెట్టె రెండింతలు బిగ్గరగా పలుకునని కొనువాడు తలచును. అది పొరపాటు. వాట్లు రెట్టింపయినచో వినికిడిలో కలుగు భేదము స్వల్పమే. రెండింతలు బిగ్గరగా వినబడవలెనన్నచో ఇంచుమించు పదిరెట్లు వాట్లు కావలెను. స్పీకరు మంచిదైనచో అదే వాట్లకు ఎక్కువ పలుకును. కనుక వాట్ల అంకెకై అప్పు చేయుట తగదు. ఇంటిలో సాధనకు ఇరువది నలుబది వాట్లు చాలును. డ్రమ్ములతో కలిసి వాయించుటకు నూరు మొదలు రెండువందలు కావలెను. మూడువందలు దాటిన పెట్టె ఎవరికి కావలెననగా, పెద్ద వేదికమీద సభ యావత్తునకు తన పెట్టెనుండియే వినిపించవలసిన వానికి. నేడు అట్టి అవసరము అరుదు. కల్యాణమండపములందు మైకుసెట్టువారు ఉందురు. ఆంప్లిఫయరు వెనుకనుండు లైను ఔటు అను రంధ్రమునుండి వారి మిక్సరుకు తీగ ఇచ్చినచో, సభకు వారు వినిపింతురు. అమెరికాలోని డెట్రాయిట్ నగరమున మోటౌన్ సంస్థవారు 1960 దశకమున తమ రికార్డులకు బేస్‌ను నేరుగా మిక్సింగు బల్లకే కలుపుచుండిరి. జేమ్స్ జేమర్సన్ వంటి మహావాదకుని నాదము లోకమంతటికిని చేరినది ఆ త్రోవనే. మన పెట్టె మనకును, ప్రక్కనున్న డ్రమ్ములవానికిని వినబడినచో సగము పని ముగిసినట్లే.

పాత పెట్టెలపై మోజు పడువారు వాల్వుల పెట్టెలను తలచుకొని మోజుపడుదురు. అందు న్యాయము లేకపోలేదు. ఆంపెగ్ అను అమెరికా సంస్థవారు 1960లో బి-15 అను పెట్టెను వెలువరించిరి. వాయించుట ముగిసినపిమ్మట పైనున్న యంత్రమును తలక్రిందులుగా త్రిప్పి పెట్టెలోపలనే దాచవచ్చును. దాని నాదము గుండ్రముగా, వెచ్చగా ఉండునని నేటికిని వాదకులు చెప్పుకొందురు. ఆ సంస్థవారే 1969లో ఎస్.వి.టి. అను 300 వాట్ల వాల్వు యంత్రమును తెచ్చిరి. ఆ జాతి హెడ్డు ఒక్కటే సుమారు 36 కిలోలు. దానికి జతయగు, పది అంగుళముల స్పీకరులు ఎనిమిది ఉండు పెట్టె 60 కిలోలకు పైబడును. మేడమీది కల్యాణమండపమునకు ముహూర్తము వేళ దానిని ఎక్కించిన కూలివారు ఏమనుకొందురో మేము చెప్పనక్కరలేదు. నేటి క్లాస్-డి యంత్రములు రెండు మూడు కిలోల బరువుతో 500 వాట్లు ఇచ్చుచున్నవి. స్పీకరుల అయస్కాంతములు కూడ నియోడిమియము రాకతో తేలికపడినవి. నడుము బాగుండవలెనని కోరుకొనువానికి ఇది చిన్న సంగతి కాదు.

అయినను క్రొత్తదానికి ఒక లోపము కలదు. దాని లోపలి భాగములు నువ్వుగింజలంత ఉండి, ఒకే పలకకు అతికింపబడి యుండును. చెడినచో మన యూరి మెకానిక్కు టంకపు కడ్డీ పట్టుకొని చేయగలిగినది తక్కువ. పలక మొత్తము మార్చవలెను, అది దొరకవలెను. గ్యారంటీ గడువు తీరిన మరునాడు చెడిన యంత్రములను మేము చూచియున్నాము. పాత యంత్రమునందు ప్రతి భాగమును కంటికి కనబడును, చేతికి అందును. పైగా పాతదాని వెల పడవలసినంత పడియే యుండును. రెండేండ్లు వాయించి మరల అమ్మినను పెద్దగా నష్టము రాదు. క్రొత్తదాని వెల అంగడి గడప దాటగానే తగ్గును.

పాతది కొని మేము పడిన పాట్లు కూడ చెప్పవలెను. మేమును ఒకప్పుడు ఈ వాద్యమునే వాయించితిమి. ఒక దుకాణమున ట్రాన్సిస్టరుల పెట్టె ఒకటి చౌకగా వచ్చినదని సంబరపడి, అయిదు నిమిషములు సన్నగా వాయించి చూచి, ఇంటికి తెచ్చుకొంటిమి. అరగంట గడచునప్పటికి గొంతు బొంగురు పోయినది. దానికి మేము పెద్దగా విచారింపలేదు. మరునాడు మా తమ్ముడు ఒక చేత గిటారు తీగెలు పట్టుకొని, రెండవ చేత పాట పాడుటకై మైకును ముట్టుకొనెను. కేక వేసి వెనుకకు పడెను. దైవికముగా గిటారు చేయి జారినది కనుక బ్రతికినాడు. మెకానిక్కు వచ్చి పెట్టె విప్పి చూపగా మా నోట మాట రాలేదు. ఫ్యూజు ఉండవలసిన చోట రాగితీగ ముక్క ఉన్నది. ప్లగ్గునకు ఉండవలసిన మూడవ పిన్ను, లావైన ఎర్తు పిన్ను, నున్నగా కోయబడి యున్నది.

దానిని ఎవడో శత్రువు కోయలేదు. "గుం" అను హోరు పోవుటకై తెలిసీ తెలియనివాడు కోసియుండును. వేరువేరు ప్లగ్గు పాయింట్లనుండి విద్యుత్తు తీసికొనిన రెండు యంత్రములను తీగతో కలిపినప్పుడు అట్టి హోరు పుట్టుట కలదు. ఎర్తు తీసివేసినచో అది ఆగుట కూడ నిజమే. కాని ఎర్తు లేని యంత్రమున ఎచ్చటనైన తీగ తెగి ఇనుప చట్రమునకు తగిలినచో, ఆ విద్యుత్తు గిటారు తీగెలమీదికి వచ్చి, వాయించువాని దేహముగుండ మైకులోనికి దారి చూచుకొనును. 1972 మే నెలలో వేల్స్ దేశమందలి స్వాన్సీ నగరమున, లెస్లీ హార్వే అను గిటారు వాదకుడు వేదికమీద ఎర్తు సరిగాలేని మైకును ముట్టుకొని, ప్రేక్షకుల యెదుటనే మరణించెను. ఆయన పేరుగల బృందమువాడు. చుట్టును తెలిసినవారే ఉన్నారు. హోరు పోగొట్టుటకు సరియైన ఉపాయము, వేదికమీది యంత్రములన్నిటికిని ఒకేచోటినుండి విద్యుత్తు తీసికొనుట. పిన్ను కోయుట ఎన్నడును కాదు. ఇంటిలో ఇట్టి వాద్యము ఉన్న తల్లిదండ్రులు పాటపట్ల ఆసక్తి లేకున్నను, ఈ మూడవ పిన్ను ఉన్నదో లేదో మాత్రము ఒకమారు వంగి చూడవలెనని మా ప్రార్థన.

కనుక మా కుఱ్ఱవానితో పాతదానిని చూచుటకు మేమే బయలుదేరితిమి. అతని గిటారును కూడ తెమ్మంటిమి. పరాయి గిటారుతో పరీక్షించినచో దోషము దేనిదో తెలియదు. పెట్టె వెనుకనున్న రేకును మొదట చదివితిమి. 117 వోల్టులని యున్నది. మన యిండ్లకు వచ్చునది 230 వోల్టులు. దానిని నేరుగా మన గోడకు తగిలించినచో ఆ క్షణముననే కాలిపోవును. అమ్మువాడు దానికై ఒక ట్రాన్స్‌ఫార్మరు ఉంచుకొనియున్నాడు కాని, దాని బరువు వేరొక మూట. అమెరికాలో విద్యుత్తు సెకనుకు 60 ఆవృత్తులు, మనకు 50. అచ్చటికై మాత్రమే చేసిన యంత్రము ఇచ్చట కొంత ఎక్కువ వేడెక్కుట కలదు.

గిటారు తగిలింపకయే యంత్రమును వెలిగించి ఊరకుండితిమి. మొదట మంద్రముగా హోరు వచ్చినది. పావుగంట, అరగంట గడచినకొలది ఆ హోరు పెరిగినది. లోపలి కెపాసిటరులు ముసలివైన యంత్రము ఇట్లే చేయును. మరలు త్రిప్పినప్పుడు బరబర శబ్దము వచ్చుట దోషము కాదు, దుమ్ము; తుడిచినచో పోవును. పెరుగుచున్న హోరు, కమరు వాసన, వీటిని మాత్రము ఉపేక్షింపరాదు. మా కుఱ్ఱవాడు ఉత్సాహపడి మూత విప్పి చూడబోగా చేయి పట్టి ఆపితిమి. ప్లగ్గు పీకిన తరువాత కూడ వాల్వు యంత్రపు కెపాసిటరులలో కొన్ని వందల వోల్టులు దాగియుండును. అది తెలిసినవాని పని.

తరువాత స్పీకరు పెట్టె. యంత్రమును ఆర్పించి, ముందరి బట్ట తీసి, పదునైదు అంగుళముల స్పీకరు కాగితముపై రెండరచేతులు సమముగా ఆనించి మెల్లగా లోనికి నొక్కితిమి. లోపల తీగచుట్ట రాసికొనుచున్నచో గరగర తెలియును. ఏమియు లేదు. అంచు మెత్తగా ఉన్నది, పగుళ్లు లేవు. మరల వెలిగించి, లావు తీగెపై అట్టడుగునుండి ఒక్కొక్క మెట్టు చొప్పున, ఒక్కొక్క స్వరమును నిలిపి వాయింపుమంటిమి. తొందరపడి పాట వాయించువానికి దోషము దొరకదు. ఒక్క స్వరము దగ్గరనే కొయ్య అతుకో, మరమేకో బుయ్యిమనును. ఇచ్చట అదియు లేదు. పెట్టె బంగారము వంటిది.

ఓముల సంగతి ఇచ్చటనే చెప్పవలెను, ఏలయనగా యంత్రములను చంపునవి ఓములే. ఈ పెట్టె 8 ఓములది. అట్టి రెండు పెట్టెలను ప్రక్కప్రక్కన కలిపినచో 4 ఓములు అగును. మూడు కలిపినచో మూడునకు లోపడును. ఒకే తొట్టికి కుళాయిలు పెంచినకొలది నీరు ఎక్కువ పోయినట్లు, ఓములు తగ్గినకొలది యంత్రమునుండి విద్యుత్తు ఎక్కువ గుంజబడును. 4 ఓములకు తగ్గరాదని వ్రాసియున్న ట్రాన్సిస్టరు యంత్రమునకు మూడవ పెట్టె తగిలించువాడు దానిని కాల్చుకొనును. వాల్వు యంత్రము తీరు వేరు; దానిని స్పీకరు తగిలింపక వాయించుటయే దానికి ప్రాణాపాయము. మరియొక మాట: స్పీకరుకు పోవు తీగ లావుగా ఉండవలెను, గిటారుకు వాడు సన్నని తీగను అచ్చట తగిలింపరాదు.

పెట్టె మంచిది, హెడ్డు ముసలిది. కనుక పెట్టె మాత్రము ఇమ్మంటిమి. అమ్మువాడు నవ్వి, "తలను, మొండెమును వేరుచేసిన పిమ్మట తలను ఎవరు కొందురండీ?" అనెను. మాట చమత్కారముగానే ఉన్నది. ఒక గంట కూర్చుంటిమి, రెండుమారులు కాఫీ త్రాగితిమి. వాల్వులపై మోజుగల మరియొకరెవరైన ఆ హెడ్డును మరమ్మతు చేయించుకొందురని మేము చెప్పగా, తుదకు ఒప్పుకొనెను. అంగడిలో చూచిన క్రొత్త పెట్టెకు బదులుగా అదే తరగతి చిన్న క్రొత్త హెడ్డును మాత్రము కొంటిమి. 4 ఓములకు చెప్పిన వాట్లు 8 ఓముల పెట్టెకు ఇంచుమించు సగమే వచ్చును. అంగడివాడు ఈ సంగతి తనంత తాను చెప్పలేదు, మేము అడిగితిమి. సగమైనను ఆ కుఱ్ఱవాని పనికి చాలునని లెక్క చూచుకొంటిమి. లైను ఔటు ఉన్నది. రాత్రివేళ ఇరుగుపొరుగువారిని లేపకుండ చెవులకు తగిలించుకొను హెడ్‌ఫోను రంధ్రము కూడ ఉన్నది. దానిని చూచి ఆ తల్లి సంతోషించినట్లు మరి దేనికిని సంతోషింపలేదు.

రెండింటి వెలయు కలిసి కూడబెట్టిన సొమ్ములోనే సరిపోయినది. మిగిలినది స్వల్పము. అది కూడ నిలువలేదు. వారి యింట ప్లగ్గు పాయింటు విప్పించి చూడగా మూడవ రంధ్రము ఉన్నది కాని, దాని వెనుక తీగ లేదు. ఎలక్ట్రీషియనును పిలిపించి మీటరు దగ్గరనుండి ఎర్తు తీగ లాగించితిమి. ఆ సాయంకాలము గడచువరకు వాయింపవలదని కుఱ్ఱవానికి ఆజ్ఞ పెట్టితిమి. అతడు మా యెదుట తల ఊపెను.

దీపాలవేళకు వాయించుట మొదలుపెట్టినాడు. రెండవ తీగెపై ఒక స్వరమునకు వచ్చినప్పుడెల్ల బుయ్యిమని శబ్దము రాసాగెను. మా ప్రాణము చివుక్కుమనెను. పెట్టెను మంచిదని కొనిపించినది మేమే కదా! మోకాళ్లపై కూర్చుండి మరమేకులు ఒకటొకటిగా బిగించితిమి. పెట్టెకు చెవి ఆనించితిమి. శబ్దము పోలేదు. ఆ తల్లి వంటింటినుండి వచ్చి, కొంతసేపు మమ్ము చూచి, ఏమియు అనక స్టూలు ఎక్కి, అటకమీది ఇత్తడి బిందె మూతను తీసి ప్రక్కన పెట్టెను. "ఇక వాయించు నాన్నా" అనెను.